ఆకాశానికి తిప్పిన మైకు

నేను కాలేజీలో ఏం చదువుతున్నానో మా జమ్మలమడుగులో ఎవరికీ అర్థం కాలేదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. మొదటి కొన్ని నెలలు నాకూ అర్థం కాలేదు. సబ్జెక్టు పేరు ‘ప్రజా సమాచార సాధనాలు’. మా మేనమామ ఆ పేరు రెండుసార్లు చెప్పించుకుని, “అంటే పోస్టాఫీసు పనా?” అన్నాడు. కాదన్నాను.

“టెలిగ్రాములా?”

“అదీ కాదు మామా.”

“మరేందిరా?”

“ఒకరి మాట ఇంకొకరికి ఎట్ల చేరుతుందో చదువుకోవడం.”

“దానికి ప్రొద్దుటూరు దాకా పోవల్నా? ఈడ మీ అత్త చెవిలో ఒక మాట ఊదితే పొద్దు మునిగేలోపల ముద్దనూరు దాటిపోతాది. అది ఫీజు గూడా అడగదు.”

అత్త వంటింట్లోంచి, “ఇంటాండా, ఇంటాండా” అంది.

ఈ ఘనమైన చదువు మా కాలేజీకి ఒక్క మనిషి వల్ల వచ్చింది. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చిన లెక్చరర్. మద్రాసులో పత్రికా రచన చదివాడు. బెంచీకి కాలు తగిలినా “క్షమించండి” అనే రకం. రాయలసీమలో అలాంటి మనిషి ఎన్నాళ్లు నిలుస్తాడని స్టాఫురూములో పందేలు కాసుకున్నారని వినికిడి. మొదటి క్లాసులోనే ఆయన బోర్డు మీద మూడు గళ్లు గీశాడు. చెప్పేవాడు, మాట, వినేవాడు. మధ్యలో బాణాలు.

“లోకంలో గొడవలన్నీ ఈ మూడు గళ్లలో ఎక్కడో ఒకచోట ఇరుక్కుని ఉంటాయండీ” అన్నాడు.

నా పక్కన కూర్చునే మిత్రుడు ప్రొద్దుటూరులో గాజుల అంగడి వాళ్ల అబ్బాయి. ఉమ్మడి కుటుంబం. వాడు నా చెవిలో, “మామా, మా ఇంట్లో మొదటి గడిలో పదకొండు మంది ఉండారు. మూడో గడి ఖాళీ” అన్నాడు.

క్లాసంతా కలిపి అరడజను మందిమి. అందులో ఒక్కతే అమ్మాయి. మా జమ్మలమడుగు మిషన్ బడి టీచరమ్మ కూతురు. నేను పది మాటలు మాట్లాడేలోపు ఒక్క మాట అని నా పదింటినీ రద్దు చేయగలదు. అందుకే ఆమె దగ్గర పొదుపుగా మాట్లాడేవాణ్ని.

ప్రిన్సిపాలు ఎకనామిక్సు మనిషి. ఆరుగురి కోసం ఒక సబ్జెక్టు నడపడం ఆయనకు కడుపులో మంట. మేం చేరిన నెలలోనే మా సార్‌ని పిలిపించి, మా ముందరే తేల్చేశాడు.

“ఒక్క ఏడాది చూస్తా. మీరు పనిచేసే ఊరికి ఏడాది చివర్న నేనే వస్తా. ఆ ఊరి జనం ఒక సాయంత్రం కూర్చుని రేడియో వినాలి. విన్నదాని మీద ఒక్క ప్రశ్నైనా అడగాలి. అది జరిగితే సరే. లేకుంటే సబ్జెక్టు మూసేసి ఈ పిల్లల్ని ఎకనామిక్సులో కలిపేస్తా.”

“తప్పకుండానండీ” అన్నాడు మా సార్, కాఫీకి పిలిచినట్టు.

సబ్జెక్టు పోతే ఆయన గుంటూరు బస్సెక్కాల్సిందే. నా సంగతి వేరు. బడిలో చేరిన రోజు నుంచీ నాకు దొరికిన బోధన “నోర్ముయ్” అన్నదొక్కటే. నోరు తెరిచినందుకు మార్కులు వేసిన మొదటి గది ఇది. అది పోతే నేను మళ్లీ ఎకనామిక్సు క్లాసులో వెనక బెంచీలో కూర్చుని, కోరికలు అనంతం, వనరులు పరిమితం అని రాసుకోవాలి. ఆ సంగతి మా ఇంట్లో కాలేజీ లేకుండానే నేర్పారు. ఈ గది నాకు కావాలి అనుకున్నాను. ఇంత గంభీరంగా మాట్లాడినందుకు మన్నించండి, మళ్లీ మాట్లాడను.

మాకిచ్చిన ఊరు పులివెందుల అవతల. ప్రతి గురువారం ప్రొద్దుటూరులో బస్సెక్కి, జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల చేరి, అక్కడ ఇంకో బస్సు మారి, అది దింపిన చోటి నుంచి నడవాలి. రాత్రికి తిరుగు బస్సు ఉండదు కాబట్టి మగవాళ్లం పంచాయతీ మిద్దె పంచలో పడుకునేవాళ్లం. అమ్మాయికి ఆ ఊరి పేటలో చిన్నమ్మ ఉంది. ఆ చిన్నమ్మ ఉండబట్టే టీచరమ్మ కూతుర్ని పంపింది.

ఊరి నడుమ బాట. బాటకు ఒక పక్క మీది గేరి, ఇంకో పక్క కింది గేరి. గేరి అంటే మా వైపు వీధి. బాట చివర వంక, అంటే వాగు. అది దాటితే ఊరు ఎడంగా ఉంచిన పేట. పంచాయతీ మిద్దె రెండు గేరీలకూ మధ్యన, అచ్చం కొలిచి కట్టినట్టు ఉంది. కరెంటు వచ్చి ఎక్కువ కాలం కాలేదు. దాని వెనకాలే ప్రభుత్వం వాళ్ల రేడియో వచ్చింది. రేడియో పెట్టె లోపల బీరువాలో ఉంటుంది, తాళంచెవి ప్రెసిడెంటు మొలతాడుకు ఉంటుంది. పెట్టె నుంచి తీగ పైకి పోయి, మిద్దె మీద కట్టెకు కట్టిన గరాటా లాంటి మైకులోంచి ఊరికి వినపడుతుంది. సాయంత్రం వార్తలు, ధరవరలు, వాతావరణం, ఒక పాట. మా పని ఊళ్లో వాళ్లను కూడగట్టి, వినిపించి, విన్నదాని మీద మాట్లాడించడం. వినడానికి ఎంత సులభంగా ఉందో చూడండి.

మొదటి గురువారం మీది గేరి నుంచి కొందరు వచ్చారు. కింది గేరి నుంచి పిల్లి కూడా రాలేదు. సార్ నన్ను వెంటబెట్టుకుని కింది గేరి పెద్దాయన ఇంటికి వెళ్లాడు. పెద్దాయన అరుగు మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు.

“రేడియో వినడానికి తమరు రాలేదేమండీ?” అన్నాడు సార్.

“ఏ రేడియో?”

“అదిగో, పంచాయతీ మీదున్నది.”

పెద్దాయన తల కూడా ఎత్తలేదు. “అది మాది కాదప్పా. దాని మొగం ఎటుండాదో సూడు. మా పక్కకు ముడ్డి పెట్టి మాట్లాడేదాన్తో మాకేం పని?”

చూశాను. నిజమే. మైకు మీది గేరి వైపే తిరిగి ఉంది. ప్రెసిడెంటు ఇల్లు అటే.

తిరిగి వస్తుంటే సార్, “చివర్లో ఆయన అన్నదేమిటండీ?” అని అడిగాడు.

“వెనుక భాగమండీ” అన్నాను.

పరిష్కారం కళ్లెదుటే ఉంది. గాజులంగడి మిత్రుడూ నేనూ మిద్దెక్కి మైకును కింది గేరి వైపు తిప్పి, తీగతో బిగించి దిగాం. ఒక ఊరి సమస్యను ఒక్క పూటలో తీర్చామని మా ఇద్దరికీ కాస్త గర్వంగానే ఉండింది.

తర్వాతి గురువారం కింది గేరి అరుగులన్నీ కళకళలాడాయి. మీది గేరిలో తలుపులు మూశారు. ప్రెసిడెంటు కండువా దులుపుకుంటూ వచ్చాడు.

“ఎవురప్పా మైకు తిప్పినోళ్లు?”

“మేమే మామా. అందరికీ వినపడాలని...”

“అందరికీ అంటే? నేను ఈ ఊరికి ప్రెసిడెంటును. నా మైకు ఎనకాల నేను నిలబడి ఇనల్నా?”

వెనక్కి తిప్పాం. ఆ మరుసటి వారానికి ఎవరో కింది గేరికి తిప్పేశారు. మళ్లీ ఎవరో మీది గేరికి తిప్పారు. ఎన్నికలప్పుడు నాయకుడి మాదిరి ఆ మైకు అటూ ఇటూ తలకాయ తిప్పుతూనే ఉంది.

సార్ రెండు గేరీల పెద్దల్నీ పంచాయతీ మిద్దె ముందర కూర్చోబెట్టాడు. “అటూ వద్దు, ఇటూ వద్దు. నేరుగా బాట వైపు పెట్టుకుందామండీ. సగం వీరికి, సగం వారికి” అన్నాడు.

ప్రెసిడెంటు, పెద్దాయన ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.

“బాట పక్కకు తిప్పితే పేటకు పోతాది గానీ మాకేం వస్తాది?” అన్నాడు ప్రెసిడెంటు.

“అదే నేనూ అంటాండా” అన్నాడు పెద్దాయన.

మా వెనకాల నిలబడిన అమ్మాయి మెల్లగా, “రెండు గేరీలు ఒక్క మాట మీదికి రావడం ఇదే మొదలు” అంది. నేను నవ్వబోయి ఆమె మొగం చూసి మానుకున్నాను. వాళ్ల చిన్నమ్మ ఆ ఊరికి కోడలై వచ్చి చాలా కాలమైంది. రేడియో వచ్చాక వంకకు నీళ్లకు పోయినప్పుడు గాలివాటున రెండు ముక్కలు చెవిన పడడమే తప్ప, ఒక్క వార్తనూ పూర్తిగా విన్నది లేదట.

చివరికి ప్రెసిడెంటే తీర్పు చెప్పాడు. “ఎవురికీ వద్దు. పైకి తిప్పండి.”

“ఆఁ, అదీ న్యాయం” అన్నాడు పెద్దాయన.

తిప్పాం. మైకు నోరు తెరిచి ఆకాశం వైపు చూస్తూ నిలబడింది. అందరూ తృప్తిగా ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ సాయంత్రం వార్తలు, ధరవరలు, వాతావరణం, ఒక పాట నేరుగా మేఘాలకు వెళ్లాయి. కట్టె మీద వాలబోయిన కాకి అదిరిపడి ఎగిరిపోయింది. శ్రోతల్లో స్పందన కనబరిచింది అదొక్కటే.

సార్ చాలాసేపు పైకి చూసి, “మన బొమ్మలో ఈ గడి లేదండీ” అన్నాడు.

“దేవునికి శెనక్కాయల రేటు తెలిసిపోయింది సార్. ఇంక మనకు తిరుగులేదు” అన్నాడు మిత్రుడు.

ఆ పైన నెలల తరబడి ఆ ఊళ్లో రేడియో మీద ఒక్క ఫిర్యాదు లేదు. వినేవాళ్లు కూడా లేరు. మేం ప్రతి గురువారం వెళ్లి, ఇల్లిల్లూ తిరిగి పిలిచి, ఖాళీ పంచలో కూర్చుని, మాలో మేమే ప్రశ్నలు వేసుకుని వచ్చేవాళ్లం. గోడపత్రిక రాసి అతికించాం. దాన్ని మేక తినేసింది. పూర్తిగా చదివిన పాఠకుడు దొరికాడని నేను అంటే సార్ నవ్వలేదు. ఆయన నవ్వడం అప్పటికే తగ్గింది.

ప్రిన్సిపాలు వచ్చే గురువారం రానే వచ్చింది. దానికి రెండు రోజుల ముందు ఆ ఊళ్లో వాన పడింది. అకాలపు వాన, వంక పారేంత వాన. మేం ఉదయమే చేరుకున్నాం. ప్రిన్సిపాలు బ్లాకాఫీసు జీపులో సాయంత్రానికి వస్తాడు. మిత్రుడు మిద్దెక్కి చూసి పైనుంచే కేక వేశాడు.

“మామా, మైకులో కడవెడు నీళ్లు!”

ఆకాశానికి నోరు తెరిచిన మైకు ఇంకేం చేస్తుంది? ఊళ్లో అందరికంటే ఎక్కువ వాన పట్టింది. వంచితే నీళ్లతోపాటు ఆకులు, ఈగలు, ఒక తేలు రాలాయి. తుడిచి తగిలిస్తే గుడగుడమని ఒక్కసారి పుక్కిలించి, ఆగిపోయింది. మళ్లీ పలకలేదు.

మైకు చచ్చిపోయిందన్న వార్త మాత్రం ఏ సాధనం అవసరం లేకుండా ఊరంతా చేరింది. మీది గేరి వాళ్లది తప్పని కింది గేరి, కింది గేరి వాళ్లదని మీది గేరి. సార్ పంచాయతీ మెట్టు మీద కూర్చుని కళ్లజోడు తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు.

“ఎకనామిక్సు కూడా మంచి సబ్జెక్టేనండీ” అన్నాడు.

నాకు జోకు తట్టలేదు. ఇది నా జీవితంలో అరుదు.

అమ్మాయే అడిగింది. “సార్, మైకు పోయింది సరే. పెట్టెకు దాని గొంతు దానికి లేదా?”

ఉంది. మైకు తగిలించాక ఎవరూ దాన్ని వాడలేదంతే. మిత్రుడు మైకు తీగ ఊడబెరికి, పెట్టెకున్న మీట తిప్పాడు. లోపల్నుంచి సన్నగా, జలుబు చేసినవాడు దుప్పటి కింద మాట్లాడుతున్నట్టు, ఏదో ప్రకటన వినపడింది. పది అడుగుల అవతల ఏమీ లేదు.

“ఇది ఊరికి యాడ వినపడుతుంది?” అన్నాను.

“ఊరే దగ్గరికి రావల్ల” అంది ఆమె. “పెట్టెను బయట పెట్టండి. బాట మీద, మూడు దార్లు కలిసే కాడ. నేను పేటకు పోతాండా.” నేను ఔననక ముందే వెళ్లిపోయింది.

పెట్టె బయటికి తేవాలంటే ప్రెసిడెంటు ఒప్పుకోవాలి. ఆయన మొలతాడు మీద చెయ్యి వేసుకుని, “గవర్నమెంటు సొత్తు. గడప దాటగూడదు” అన్నాడు.

“సరే మామా” అన్నాను. “ప్రిన్సిపాలు సాయంత్రం వస్తాండాడు. మీ ఊరి రేడియో మూగదని చెప్పి పంపిస్తాం. ఆయన ప్రొద్దుటూరులో చెప్తే, పులివెందులకు రేపటికల్లా తెలిసిపోతాది.”

“మూగదా? మా ఊరిదా?”

“మీరే చూస్తిరి గదా.”

బీరువా తెరుచుకుంది. కరెంటు తీగ అందినంత దూరం లాగి, బాట పక్కనున్న బండ మీద పెట్టె పెట్టాం. కింద ఎవరింట్లోంచో తెచ్చిన దుప్పటి. మిత్రుడు మీది గేరికి, నేను కింది గేరికి. పెద్దాయన అరుగు మీదే ఉన్నాడు.

“పెద్దాయనా, రాండి. ఈ తూరి దానికి ముడ్డి లేదు.”

“అదెట్ల?”

“మైకు తీసేసినాం. వట్టి పెట్టె. బండ మింద పెట్టినాం.”

“మొగం ఎటుండాది?”

“మీరు యాడ కూసుంటే అటు.”

పెద్దాయన పగ్గం పక్కన పెట్టాడు. “ప్రెసిడెంటు వస్తాండాడా?”

“ముందర కూసోవల్లని కుర్చీ గూడా తెప్పించుకున్నాడు.”

అంతే. పెద్దాయన నాకంటే ముందు నడిచాడు.

ఊరు వచ్చింది. ప్రేమతో వచ్చిందని నేను చెప్పను. అవతలి గేరి వాళ్లు ఏం వినేస్తున్నారో అని వచ్చింది. పేట నుంచి అమ్మాయి, వాళ్ల చిన్నమ్మ, చిన్నమ్మ అత్త, ఇంకొందరు ఆడవాళ్లు వంక దాటి వచ్చి దూరంగా నిలబడ్డారు. ఎవరి దూరంలో వాళ్లు కూర్చున్నారు. అలవాటైన దూరాలు అవి, ఒక్క సాయంత్రంలో పోవు. కానీ పెట్టె గొంతు మరీ చిన్నది. వినాలంటే కాస్త జరగాలి. వెనక ఉన్నవాళ్లు జరిగారు. “ఇనపడల్యా” అంటూ ఇంకాస్త జరిగారు. ప్రెసిడెంటు ఒకసారి వెనక్కి చూసి ఏదో అనబోయి, అంటే తనకే వార్త వినపడదని ఊరుకున్నాడు. జీపు దిగిన ప్రిన్సిపాలుకు కుర్చీ వేశాం. ఆయన కూడా ముందుకు వంగి చెవి ఒగ్గాల్సి వచ్చింది.

వార్తలయ్యాయి. ధరవరలయ్యాయి. ఒక్క ప్రశ్నా లేదు. సార్ చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు. వాతావరణం మొదలైంది. రాయలసీమ జిల్లాలలో గత కొద్ది రోజులుగా పొడి వాతావరణం నెలకొని ఉన్నదని పెట్టె చెప్పింది.

వెనకనుంచి చిన్నమ్మ అత్త, ఆ ముసలవ్వ, గొంతెత్తింది.

“ఏమప్పా, మొన్న మాకు పడిన వాన దానికి తెలీదా?”

నవ్వులు లేచాయి. ప్రెసిడెంటు వెనక్కి తిరిగి, “గమ్మునుండు అవ్వా. గవర్నమెంటు రేడియో అది” అన్నాడు.

“గవర్నమెంటయితే తడవదా? వంక పారింది గదా. దానికి ఎవురన్నా చెప్పినారా లేదా?”

“అడగనీప్పా” అన్నాడు కింది గేరి పెద్దాయన. “నేనూ అదే అడగల్ననుకుంటాండా. దాని మాట మనకు వస్తాది. మన మాట దానికి ఎట్ల పోతాది?”

“ఎట్ల పోతాదంటే...” అని ప్రెసిడెంటు మొదలుపెట్టి, మధ్యలో తనకూ తెలీదని గుర్తొచ్చి, కుర్చీ తిప్పాడు. “పెద్ద చదువులు చదివినోళ్లు, మీరు చెప్పండి సార్.”

ఆ సార్ మా సార్ కాదు. ప్రిన్సిపాలు. ఆయన గొంతు సవరించుకుని, పెద్ద ఊళ్లలో వాన కొలుస్తారనీ, ఆ లెక్క తంతి ద్వారా పోతుందనీ చెప్పాడు.

“పెద్ద ఊర్లో పడకుంటే మాకు పడనట్లేనా?” అంది అవ్వ.

“అట్లని కాదమ్మా, సగటున...”

“సగటున అంటే ఎంత తడుస్తాం సార్?” అన్నాడు ఎవరో. ఇక ఆగలేదు. ధరవరలు ఏ ఊరివి చెబుతారు? మన ఊరి కాయ రేటు ఎవరు పంపాలి? వంక మీద కట్ట కావాలని చెబితే రేడియో చెబుతుందా? ఒకరి మీద ఒకరు, రెండు గేరీలూ పేటా కలిసి, ప్రిన్సిపాలును చుట్టుకున్నారు. పెట్టె పాపం తన పాట తాను పాడుకుంటోంది. ఆ ఊళ్లో శ్రోతలు తయారైన రోజున రేడియో ఒక్కరూ వినలేదు.

సార్ నా మోచెయ్యి పట్టుకుని, “ప్రశ్న వచ్చిందండీ” అన్నాడు. పట్టిన మోచెయ్యి వదల్లేదు. చలి అనుకుందాం. పులివెందులలో ఎండాకాలం చలి.

పొద్దు వంగాక ప్రిన్సిపాలు ఎట్లాగో జీపు దాకా చేరుకున్నాడు. ఎక్కకుండా నిలబడ్డాడు. మేం ఆరుగురం, సార్, వరసగా, పెళ్లివారిని సాగనంపేవాళ్ల మాదిరి.

“ప్రశ్న అడిగితే చాలన్నాను” అన్నాడు ఆయన. గొంతు పూర్తిగా బొంగురుపోయింది. “నేను పాఠం చెప్పడం మొదలుపెట్టిన ఇన్నేళ్లలో నన్నెవరూ ఇన్ని అడగలేదు. ఒక్కదానికీ సరిగ్గా చెప్పలేకపోతిని.”

“అంటే సార్, సబ్జెక్టు...” అన్నాను.

“ఉంటుంది. ఆ ముసలమ్మకు ఎవరైనా జవాబు చెప్పాల గదా. నాకైతే చేతగాదు.” జీపెక్కి, నా వైపు వేలు చూపించాడు. “నువ్వు ఎకనామిక్సు పేపరు మాత్రం రాయాల్సిందే. సగటు అంటే ఏమిటో వచ్చే తూరి నువ్వు చెబుదువు వీళ్లకు.”

ఆనందంలోనూ ఒక రాయి వేసి పోవడం ఆయన ప్రత్యేకత.

జీపు దుమ్ము అణిగాక చూస్తే జనం ఇళ్లకు వెళ్లలేదు. మొన్నటి వాన మీది గేరిలో ఎక్కువ పడిందా, కింది గేరిలో ఎక్కువ పడిందా అన్నదాని మీద ప్రెసిడెంటుకూ పెద్దాయనకూ తగాదా పడింది. ఇద్దరూ ఒకే బండ మీద, పెట్టెకు చెరో పక్కన కూర్చుని అరుచుకుంటున్నారు. ఎక్కువ పడింది పేటకే, మా కొట్టం కూలింది సూడండని అవ్వ ఇద్దరి మాటా కొట్టేసింది. మా సార్ వాళ్ల ముందు గొంతుక్కూర్చుని, “ఒక్కొక్కరండీ, ఒక్కొక్కరు. రేడియో వాళ్లకు మనమే రాసి పంపుదాం. ముందు అవ్వగారు చెప్పండి” అంటున్నాడు. మిత్రుడు పెట్టె ఆపేశాడు. ఎవరూ గమనించలేదు. అమ్మాయి నా జేబులోని పెన్ను లాగి, ఒక కాగితంతో పాటు నా చేతిలో పెట్టి, “కూసో అప్పా. నువ్వు మాట్లాడొద్దు, రాయి” అంది.

కూర్చుని రాశాను.